నర్సవ్వ హైకూకు కొసరు

దేవరుప్పులల వెంకటనర్సమ్మ ఇల్లు ఎక్కడని అడిగితే జనం జర సేపు ఆలోచిస్తరు. నర్సవ్వ ఇల్లు అంటే మాత్రం పాలు మరువని పోరగాండ్లు సుత చెయ్యి చాపి చూపెడుతరు. మనిషి చూస్తే చీపురుపుల్లంత. మాట మాత్రం వాడకట్టు ఆ కొస నుంచి ఈ కొస దాకా వినవడుతది. వయసెంత అని అడిగినోళ్లకు "ఎందుకు, నాకు సంబంధం తెచ్చినవా?" అని జవాబిస్తది. అరువై దాటి చానా ఏండ్లయిందని మాత్రం అందరికి ఎరుకే.

చదువు మూడో తరగతి కాడ ఆగింది. దానికేం సిగ్గువడదు. "మూడు చదివిన. అటెనుక ఊరి బడిల ఇరవై ఏండ్లు పిల్లలకు పగటన్నం వండిన. మీ పెద్ద చదువులోళ్లు బడికి పోయిన దినాలెన్ని, నేను పోయిన దినాలెన్ని, పక్కపక్కన వెట్టి చూడున్రి" అంటది. అది ఉత్త డంబం కాదు. లెక్కల పంతులు చెప్తున్నప్పుడు పొయ్యి కాడ్నే ఉండేది గని, పద్యాల పంతులు వచ్చిండంటే పోయి తలుపుల నిలవడేది. ఆ దినం పప్పు అడుగంటేది. పిల్లలు మాడు వాసన చూసి ఇయ్యాల తెలుగు పీరియడ్ ఉండెనని చెప్పుకునేటోళ్లు.

గా పని మానేసినంక ఇంట్ల మొగడు ఎల్లయ్య, మేడ మీద అర్రల కిరాయికున్న షారోన్. షారోన్ గార్ల ఊరి పిల్ల. జనగామల ప్రైవేటు బడిల టీచరు. పొద్దున బస్సుకు పోయి పొద్దుమీకి వస్తది. ఒక ఆదివారం చర్చి నుంచి వచ్చి బట్టలారేసుకుంట, చేతిల ఫోను చూసి తనల తనే నవ్వింది. నర్సవ్వ ఊకుంటదా?

"ఏంది బిడ్డా, ఒక్కదానివే నవ్వుతున్నవ్? ఎవడన్న పిలగాడా?"

"పిలగాడు కాదవ్వా, హైకూ."

"గదేం కూర?"

"కూర కాదు, కవిత. జపాను దేశంల పుట్టింది. మూడే లైన్లు. మొదటి దాంట్ల ఐదక్షరాలు, నడిమిట్ల ఏడు, కడాకరుకు మల్ల ఐదు. అండ్ల కాలం చెప్పే మాట ఒకటి రావాలె."

"కాలం చెప్పే మాట అంటే?"

"ఎండకాలం అనకుండనే ఎండకాలమని తెలవాలె. ముంజకాయ అన్నమనుకో. చలికాలంల దొరుకుతదా?"

నర్సవ్వ చేతిల ఉన్న చాట పక్కన వెట్టింది. "గంతేనా? గట్లాంటియి నా కడుపుల గంపెడున్నయ్."

"అయితే రాయి. పురుషోత్తం సేటుకు ఇద్దాం."

జనగామల పురుషోత్తం సేటుది బట్టల దుకాణం. ఉగాది దాటంగనే దుకాణం ముంగట పందిరేసి, పెద్ద మట్టి రంజన్లల్ల నీళ్లు నింపి చలివేంద్రం నడుపుతడు. ఆయనకు రెండు పిచ్చిలు. ఒకటి కొలత. గజం అంటే గజమే, ఇంచు ఎక్కువ రాదు, ఇంచు తక్కువ పోదు. రెండోది కవిత్వం. ఏటా ఎండకాలం మాటలు నాలుగు చెప్తడు. ఆ నాలుగు మాటల మీద, చిన్నప్పుడు కండ్లార చూసిన సంగతులతోని, ఎవలన్న హైకూలు రాసి ఇయ్యచ్చు. జనగామోళ్లు రాస్తరు, మానుకోటోళ్లు రాస్తరు, భూపాలపల్లి నుంచి బొగ్గు బాయిల పనిచేసేటోళ్లు సుత పంపుతరు. మంచియి ఏరి తెల్ల గుడ్డ మీద ఎర్ర రంగుతోని రాయించి పందిరికి కట్టిస్తడు. బస్సు దిగినోళ్లు నీళ్లు తాగుకుంట అవి చదువుతరు. వానలు వడే దాకా అక్కడ్నే ఉంటయ్.

ఈ ఏటి నాలుగు మాటలు షారోన్ చదివి చెప్పింది. ముంజకాయ. రంజను. వడగాడ్పు. తునికాకు.

తునికాకు అనంగనే నర్సవ్వ మొకం మారింది.

ఆమె పుట్టింది భూపాలపల్లి అడివంచున. మూడో తరగతి కాడ బడి ఆగింది కూడ తునికాకు తెంపేటందుకే. తల్లి ఓదెమ్మ ముందు, పిల్ల వెనుక, తెల్లారక ముందే అడివికి పోయేటోళ్లు. నర్సవ్వ పెండ్లై దేవరుప్పులకు వచ్చిన ఏడాదికే ఓదెమ్మ జరమొచ్చి పోయింది. బాపు చానా ఏండ్లు బతికిండు. ఆయన ఓటరు కార్డు మీది మొకమే పెద్దగ చేయించి గోడకు కొట్టిన్రు. ఓదెమ్మ ఓటరు కార్డులు రాకముందే పోయింది. ఆమెకు ఫోటో లేదు. నిలవడి ఫోటో దిగే తీరిక ఎన్నడూ లేదు. ఆమె మొకం ఇప్పుడు ఒక్క నర్సవ్వ కండ్లల్లనే ఉన్నది. ఆ కండ్లకు సుత శుక్లాలొచ్చి ఆపరేషన్ అయింది.

అందుకే నర్సవ్వ అప్పుడే నిశ్చయం చేసుకున్నది. తక్కినయి కడితే కట్టిన్రు, లేకుంటే లేదు. అవ్వ మాత్రం జనగామ పందిరి ఎక్కాలె. నలుగురు నిలవడి చూడాలె.

ఎల్లయ్య మంచంల ఒరిగి బీడీ ముట్టించిండు. "తునికాకు బీడీలకు పోతది గని కవిత్వానికి పోతదానె?"

"పెండ్లి కాకముందు నువ్వు తాగిన బీడీలల్ల మా అవ్వ తెంపిన ఆకు ఎంతున్నదో. నోరు మూసుకొని దగ్గు" అన్నది నర్సవ్వ.

ఆ వారమంతా ఆమె బోళ్లు తోముకుంట, బియ్యం ఏరుకుంట, తనల తనే గునుసుకున్నది. వాడకట్టు ఆడోళ్లు అరుసుకుందామని వస్తే "కవిత్వంల ఉన్న, రేపు రాన్రి" అని తోలింది. మల్ల ఆదివారం షారోన్ ను కూసోబెట్టుకొని, "రాసుకో" అన్నది.

ముంజకాయలు
బొటనవేలు దూరి
మూతంత తడి తడి

షారోన్ "అబ్బ" అన్నది. అంటనే వేళ్లు మడిచి లెక్కవెట్టింది. "బాగున్నదవ్వా. రెండక్షరాలు ఎక్కువైనయ్. ఇంకోటి చెప్పు."

రంజను నీళ్లు
చెంబు ముంచితె లోన
కప్పవి రెండు కండ్లు

"ఇండ్ల సుత రెండు ఎక్కువ."

వడగాడ్పులు
తలుపు సందు నిండ
బాపు పచ్చి తువాల

"మల్ల రెండే! అన్నిట్ల సరిగ్గ రెండు ఎట్ల ఎక్కువైతయ్? కావాల్నని వెట్టినట్టున్నది."

"కావాల్ననే వెట్టిన."

"ఎందుకు?"

"కొసరు" అన్నది నర్సవ్వ, గింత తెలవదా అన్నట్టు.

షారోన్ కు గార్ల పొలాలు తెలుసు, అడివి తెలవదు. నర్సవ్వ కాళ్లు చాపుకొని చెప్పింది. తునికాకు కట్టకు యాభై ఆకులు. పొద్దటి పూట తెంపుకొచ్చి, ఇంటి కాడ నారతోని కట్టలు గట్టి, ఎండ తిరిగినంక కల్లం కాడికి మోసుకపోవాలె. అక్కడ గుత్తేదారు మనిషి ఉంటడు, కల్లేదారంటరు. ఆకు చినిగిందంటడు, లేతదంటడు, ఏదో ఒక వంక. ఒకపారి ఓదెమ్మ కట్టల ఆకు ఒకటి తక్కువొచ్చింది. వాడు నార తెంపి అందరి ముంగట కట్టను గాలికి ఇసిరేసిండు. ఓదెమ్మ వంగి ఆకులన్నీ ఏరుకున్నది. ఆనాటి నుంచి ఏ కట్ట గట్టినా యాభై నిండినంక రెండాకులు పైన వెట్టేది.

"'వాడు అడగకముందే మనం ఇచ్చినట్టుండాలె బిడ్డా, వాడు గుంజుకున్నట్టుండొద్దు' అనేది మా అవ్వ. ఆ చెయ్యి కింద పెరిగిన. లెక్క సరిపోయే కాడికి ఇస్తే నాకు తక్కువిచ్చినట్టే ఉంటది."

"హైకూకు కల్లేదారు లేడు గదవ్వా."

"పురుషోత్తం సేటు ఎవలు మరి?"

షారోన్ నవ్వు ఆపుకోలేకపోయింది. నవ్వినా ఇడిచిపెట్టలే. తడి తడి అన్న కాడ ఒక తడి తీసేద్దామన్నది. "తీస్తే ఆరుతదా?" అన్నది నర్సవ్వ. రెండు సార్లు లోపల చదువుకొని చూసి, "ఆరలే. తియ్యి" అన్నది. కప్పకు రెండు కండ్లని చెప్పే పని లేదు, అందరికీ ఎరుకే. గాడ్పు ఆపేటందుకు సందుల కుక్కిన తువాల తడిసి పచ్చిగనే ఉంటది, అదీ పోయింది. కత్తిరించినకొద్దీ చురుకైనయ్. నర్సవ్వ ఒప్పుకున్నది. మంచిదాన్ని మంచిదనేటందుకు ఆమెకు రోషమేం లేదు.

నాలుగోది చెప్పేటప్పుడు గొంతు జర తగ్గింది.

తునికి కట్ట
యాభై నిండినా అవ్వ
ఇంకో రెండాకులేసె

షారోన్ ఈసారి అబ్బ అనలే. వేళ్లు మడిచి రెండుసార్లు లెక్కవెట్టింది. ఆఖరుకు, "ఇండ్ల 'ఇంకో' తీసేస్తే సరిపోతదవ్వా" అన్నది మెల్లగ.

"తియ్య."

"యాభై నిండినా అని మీద ఉన్నది గద, అర్థమైతది."

"అర్థమైతది. అవ్వ అయితదా?"

షారోన్ 'ఇంకో'ను అట్లనే ఉంచి కాయితం మడిచి ఇచ్చింది.

తెల్లారి నర్సవ్వ ఇస్తిరి చీర కట్టుకొని, ఆడోళ్ల జీరో టికెట్ తీసుకొని జనగామ బస్సెక్కింది. పక్క సీటామె ఎటు పోతున్నవని అడిగితే "కవితలియ్య పోతున్న" అని చెప్పింది. ఆమె జర పక్కకు జరిగింది.

పురుషోత్తం సేటు మెడల టేపు ఏసుకొని గద్దె మీద కూసున్నడు. పందిరి కింద పెయింటర్ భిక్షపతి రంగు కలుపుతున్నడు. సేటు నర్సవ్వను కూసోమని, కాయితం తీసుకొని పైకే చదివిండు. ముంజకాయ కాడ మూతి తుడుచుకున్నడు. రంజను కాడ "వారీ" అన్నడు. గాడ్పు కాడ కండ్లద్దాలు తీసి తుడిచిండు. నాలుగోది చదివి పెదవులు కదిలించుకుంట లెక్కవెట్టిండు.

"అక్కా, ఇది పందొమ్మిదయింది."

"తెలుసు. కొసరు."

"కొసరా? నా దుకాణంల కొసరు ముచ్చట ఎవలూ ఎత్తరు" అని నవ్విండు సేటు. నర్సవ్వ నవ్వలే. కల్లం సంగతి, ఇసిరేసిన కట్ట సంగతి, అన్నీ చెప్పింది. సేటు అంతా విన్నడు. విని, టేపు సవరించుకొని అడిగిండు.

"మీ అవ్వ యాభై నిండకముందే కొసరు వెట్టేదా?"

"ఎందుకు వెడుతది? నిండినంకనే."

"మరి నీ దాంట్ల నిండిన పదిహేడు ఏవి? పైన వెట్టిన రెండు ఏవి? నాకు వేరు చేసి చూపియ్యి. అంతా కలిపి కట్టినవ్. ఇది కొసరు కాదక్కా, లెక్క తప్పుడు."

నర్సవ్వ కాయితం దిక్కు వంగి చూసింది. భిక్షపతి రంగు కలుపుడు ఆపి చూసిండు.

"మానుకోట మహేందర్ వడగాడ్పు మాటకు మిరప కల్లం మీద రాసిండు. కన్నీళ్లొచ్చినయ్ నాకు. ఒక్క అక్షరం ఎక్కువున్నదని వాపసిచ్చిన. నీది కడితే ఆయన మొకం ఎట్ల చూడాలె?" అన్నడు సేటు. "శనివారం గుడ్డలు రాయిస్తం. సవరించుకొని తే. నాలుగు మాటలకు నాలుగు నిండితెనే ఎవలయైనా కడత. తక్కువైతే ఏవీ కట్ట."

నర్సవ్వ కాయితం గుంజుకొని లేచింది. ఇంటికొచ్చి చెప్పులు అటొకటి ఇటొకటి ఇడిసింది.

"ఏమన్నడు సేటు?" అన్నడు ఎల్లయ్య.

"ఉన్నమాట అన్నడు. అందుకే ఒళ్లు మండుతున్నది."

రెండు దినాలు ఆ మూడు లైన్లు నోట్ల వేసుకొని నమిలింది. 'ఇంకో' తీసేసి చదివింది. తునికి కట్ట, యాభై నిండినా అవ్వ, రెండాకులేసె. నున్నగ ఉన్నది. లెక్క కుదిరింది. సేటు ఒప్పుకుంటడు. అవ్వ మాత్రం అండ్ల లేదు, కల్లేదారు మెచ్చిన కట్ట ఉన్నది. ఆమె దాన్ని పైకి చదివినప్పుడల్లా ఓదెమ్మ వంగి ఆకులు ఏరుకుంటున్నట్టే అనిపించింది.

"ఎట్లనో అట్ల పందిరి ఎక్కుడు ముఖ్యం గదవ్వా" అన్నది షారోన్.

"చెయ్యి నరికి ఫోటో దింపితే ఫోటోనేనా?"

"పోనీ, అది ఇడిచిపెట్టు. తునికాకు మీద వేరేది రాసియ్యి" అన్నడు ఎల్లయ్య.

"రాస్త. రాయ వస్తదని రాస్తనా? మా అవ్వ లేంది నావి నాలుగుంటే ఏంది, నలభై ఉంటే ఏంది!"

ఎల్లయ్య లేచి ఆమెకు చాయ పెట్టిచ్చిండు. ఇన్నేండ్ల కాపురంల అది అరుదైన సంగతి. చక్కెర మరిచిండు గని నర్సవ్వ అట్లనే తాగింది.

శుక్రవారం పగటాల్ల తండా నుంచి గోరీ మామిడికాయల గంప ఎత్తుకొని వచ్చింది. తొక్కుకు ఏటా ఆమె కాడ్నే తీసుకుంటది నర్సవ్వ. గోరీ తక్కెడల కాయలు వెట్టి, ముల్లు సరిగ్గ నిలిచే దాకా ఒకటి తీసి ఒకటి వేసి, తూచి సంచిల పోసింది. అటెనుక గంపల చెయ్యి వెట్టి, చూడకుండనే ఒక కాయ తీసి సంచిలకు ఇసిరింది.

"దాన్ని తూకమెయ్యవానె?" అన్నది నర్సవ్వ, ఊరికనే.

"కొసరును తూకమేస్తరా అవ్వా? నీకు ఎండ దెబ్బ తాకిందా ఏంది?" అన్నది గోరీ.

నర్సవ్వ సంచి అట్లనే పట్టుకొని నిలవడ్డది. కల్లం యాదికొచ్చింది. ఆకులు ఒక్కటే కాదు, కట్టలన్నీ లెక్కైనంక ఓదెమ్మ ఒక కట్ట వేరుగ పైన వెట్టేది. కల్లేదారు అన్ని కట్టలను తిరగేసి మరగేసి చూసేటోడు గని, ఆ ఒక్క కట్టను ఎన్నడూ ఇప్పి చూడలే. ఉత్తగొచ్చిన దాంట్ల ఆకులెన్నని ఎవడడుగుతడు?

"గోరీ, నీ కడుపు చల్లగుండ" అన్నది నర్సవ్వ. గోరీకి ఎందుకో అర్థం కాలే. అయినా సంబురపడి ఇంకో కాయ ఇచ్చి పోయింది.

మామిడికాయలు తొట్టిల పడేసి నర్సవ్వ అరుగు మీద కూసున్నది. తునికి పొదలల్ల చెయ్యి వెట్టినప్పుడు కందిరీగ కుట్టిన సంగతి యాదికి తెచ్చుకున్నది. పక్కన తోటి పిల్లలున్నరు. ఏడుపొచ్చింది, బయటికి రానియ్యలే. పొయ్యి మీదికి కూర ఎక్కే లోపల ఆ హైకూ అయిపోయింది. షారోన్ వచ్చి లెక్కవెడితే సరిగ్గ పదిహేడు.

శనివారం సేటు ముంగట నాలుగు వెట్టింది. సేటు కొత్తదాన్ని చదివిండు.

తునికి పొద
కందిరీగ కుట్టితే
ఏడ్వ సిగ్గాయె

"ఇది నువ్వే అక్కా. అచ్చంగ నువ్వే" అని నవ్వి, నాలుగింటినీ మల్లొకసారి లెక్కవెట్టి చూసుకున్నడు. "నిండినయ్. ఖరారు."

"నాలుగు మాటలకు నాలుగు అందినయా?"

"అందినయ్."

"ఇంగ నీది నాది లెక్కేం లేదు గద?"

"లేదు."

నర్సవ్వ కొంగు ముడి ఇప్పి ఇంకో కాయితం తీసి గద్దె మీద వెట్టింది. సేటు అది చూసిండు. పెదవులు కదలబోయినయ్. ఆమె కాయితం మీద అరచెయ్యి వెట్టింది.

"లెక్కవెట్టకు. ఇది లెక్కల లేదు. పైన ఇస్తున్న."

"అక్కా, ఇది గదే గద."

"గదే. మొన్న కలిపి కట్టినవంటివి. వేరు చేసి చూపియ్యమంటివి. ఇగో, వేరు చేసిన."

భిక్షపతి బ్రష్ కింద వెట్టి కిసుక్కున నవ్విండు. సేటు ఆయన దిక్కు గుడ్లురిమి చూసి, మల్ల నర్సవ్వ దిక్కు తిరిగిండు. "మహేందర్ అడుగుతె ఏం చెప్పాలె?"

"నాలుగు నిండినంక ఆయననూ ఒకటి కొసరు తెమ్మను. వద్దంటున్ననా? మిరప కల్లం ఏడుపు నేనూ చూస్త."

సేటు గడ్డం గోక్కున్నడు. ఎన్నో ఏండ్ల బేరంల ఆయన ముంగట కొసరు అడిగినోళ్లే గని ఇచ్చినోళ్లు లేరు. ఇచ్చేదాన్ని ఎట్ల కొలవాలెనో తెలవలే. ఆఖరుకు కాయితం తీసుకున్నడు. "హైకూల వరుసల మాత్రం కట్ట. వేరుగ, రంజన్ల మీద కడత."

"వేరుగనే కట్టు. మా అవ్వ ఎవల వరుసల నిలవడ్డదని!"

"భిక్షపతీ, గుడ్డ ఉన్నదా?"

"నాలుగింటికే చింపినవ్ గద సేటూ."

పురుషోత్తం సేటు లేచి గుడ్డ తాను ఇప్పిండు. మెడల టేపు మెడలనే ఉన్నది. మూర సుత ఏసి చూసుకోకుండ, చేతికొచ్చిన కాడికి పర్రున చింపి ఇచ్చిండు. భిక్షపతి ఆ గుడ్డను, సేటు మొకాన్ని మార్చి మార్చి చూసిండు.

ఆ మరుసటి వారం నర్సవ్వ మల్ల జనగామ పోయింది. ఎల్లయ్యను సుత ఎంట తీసుకపోయింది. నాలుగు గుడ్డలు పందిరి చుట్టూ తక్కినోళ్ల వాటితోని కలిసి గాడ్పుకు ఊగుతున్నయ్. ఐదోది రంజన్ల మీద, మనిషి ఎత్తుల, నీళ్లు తాగేటందుకు తల ఎత్తినోళ్లకు ఎదురుంగ ఉన్నది. ఎర్రటి అక్షరాలు. పందొమ్మిదికి పందొమ్మిది. ఎల్లయ్య బీడీ పారేసి, ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుంట చదివిండు. చదివి తువాలతోని మొకమంతా తుడుచుకున్నడు. ఎండకేనన్నడు.

భూపాలపల్లి బస్సు దిగిన ఒక నడీడు ఆమె మూటను కింద వెట్టి, గిలాస నిండ నీళ్లు ముంచుకున్నది. తాగుకుంట చదివింది. గిలాస ఖాళీ అయినా చేతిలనే పట్టుకొని ఇంకోసారి చదివింది.

"మేం సుత కట్టినం తునికాకు" అన్నది ఎవలతోనో అన్నట్టు. అటెనుక పక్కన నిలవడ్డ నర్సవ్వను అడిగింది. "ఎవల అవ్వనో గీమె?"

"మా అవ్వ. ఓదెమ్మ" అన్నది నర్సవ్వ.

"ఎట్లుండేది మనిషి?"

నర్సవ్వ పందిరి కింది బల్ల మీద జర పక్కకు జరిగి చోటిచ్చింది.

"కూసో. నీ బస్సొచ్చే దాకా చెప్త."